తువ్వాల కింది బేరం

"టీ సల్లారిపోతాంది. పొద్దుపొద్దుగాల ఆ ఫోన్ల ఏం తవ్వుతున్నవ్?" షహజాది బేగం వంటింట్లోంచి రెండోసారి అరిచింది.

అమీర్ అలీ తలెత్తలేదు. వాకిట్లో మంచం మీద బాసింపట్టు వేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఫోన్‌లో ఎవడో కుర్రాడు ట్యాబ్‌ని అటూ ఇటూ తిప్పుతూ చెప్పేది నోరు తెరుచుకుని వింటున్నాడు. నిన్న ఇదే ట్యాబ్‌ని ఇంకో కుర్రాడు బంగారం అన్నాడు. ఇవాళ ఈ కుర్రాడు, ఈ ధరకి ఇది శుద్ధ దండగ అంటున్నాడు. దొడ్లో మేకలు మేతకోసం ఒకటే గోల.

"బేగం, గిది జూడు. నిన్నటోడు కొనుమన్నడు, వీడు కొనొద్దంటుండు. ఇద్దరి చేతులున్నది ఒక్కటే డబ్బా. ఎవని మాట నమ్మాలె?"

"మేకను కొనేటప్పుడు ఎవన్నన్న అడుగుతవా నువ్వు?"

"మేకకు పండ్లుంటయ్. వెన్ను మీద చెయ్యేస్తే అదే చెప్తది. దీనికేముంది, అద్దం! అండ్ల జూస్తే నా మొఖమే కనవడ్తాంది."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మేకల విషయంలో అమీర్ అలీని మించినవాడు గౌడవెల్లిలో లేడు. బక్రీద్ దగ్గరపడితే నాలుగూళ్లవాళ్లు ఆయన్ని బతిమాలి సంతకి తీసుకుపోతారు. పండ్లు చూసి వయసు చెప్తాడు, డొక్క కింద చెయ్యేసి ఎత్తి బరువు చెప్తాడు. బేరం మాత్రం నోటితో ఆడడు. భుజం మీది తువ్వాల తీసి అమ్మేవాడి చేతి మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పడితే అన్ని వేలు. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. అలాంటి మనిషి రెండు వారాలుగా ఒక్క ట్యాబ్ దగ్గర చతికిలపడ్డాడు.

ట్యాబ్ కూతురికోసం. సుమయ్య ఇంటర్ పాసై, పేట్ బషీరాబాద్‌లో డిగ్రీలో చేరి రెండు నెలలయింది. రోజూ ఊళ్లోంచి మేడ్చల్ దాకా ఆటో, అక్కణ్నుంచి బస్సు. రెండు వారాల కిందట మేడ్చల్ బస్టాప్‌లో బస్సు మెట్టు మీంచి జారి పడింది. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. కానీ అమీర్ అలీకి ఆ రోజునుంచీ నిద్ర పట్టలేదు. "ఇగ కాలేజి బంద్. ట్యాబ్ కొనిస్త, ఓపెన్ డిగ్రీకి ఫీజు కడ్దం, ఇంట్లనే కూసోని చదువుకుంటది" అని తేల్చేశాడు. మోకాలు మానిపోయింది. పిల్ల మాత్రం అప్పటినుంచీ గడప దాటలేదు.

షహజాదికి ఆ మాట విన్నప్పుడు గుండె మీద చల్లటి నీళ్లు పోసినట్టయింది. పిల్ల కళ్లముందే ఉంటుంది. చదువూ ఆగదు. ఇంకేం కావాలి? అయినా ఏదో తిరకాసు ఉన్నట్టు అనిపిస్తోంది. ఇంత ఖరీదైన వస్తువు వస్తోందంటే పడుచుపిల్ల ఎగిరి గంతెయ్యాలి కదా! ఈ పిల్ల నవ్వదు, ఏడవదు. అడిగితే "మీ ఇష్టం అమ్మీ" అంటుంది. ఆ మాటకి షహజాదికి ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో మాత్రం తెలియదు.

ఆ ఇంట్లో ఏ పెద్ద పనీ మష్వరా లేకుండా జరగదు. అందరూ చాపమీద కూర్చోవాలి, ఒక్కొక్కరు తమ సలహా చెప్పాలి, అప్పుడే ఇంటాయన మాట. మూడుసార్లు కూర్చున్నారు ఈ ట్యాబ్ గురించి. ఇవాళ నాలుగోసారి.

"అబ్బా, తక్కువ పైసలల్ల సస్తాది కొన్నవనుకో, ఏడాదికే సతాయిస్తది" అన్నాడు కొడుకు సైఫ్. మేడ్చల్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు, డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. "నొక్కినంక నమాజ్ జేసుకొని రావొచ్చు, అప్పటికి తెరుసుకుంటది. ఇంకా జర పెట్టి మంచిది కొను. లేకుంటే కొననే కొనకు."

"కొననే కొనకంటే పిల్ల చదువెట్ల?"

"అయితే సస్తాదే కొను."

"ఇప్పుడే గద ఒద్దంటివి!"

ఈ గొడవ ఇలా నడుస్తుండగా పక్కింటి బాలనర్సమ్మ జాకెట్టు ముక్క కుట్టించుకోవడానికొచ్చి చాపమీద తనూ కూలబడింది. అడగకపోయినా సలహా చెప్పడంలో ఆమెకి మొహమాటం లేదు.

"మా మనుమనికి కొనిస్తిమి, సదువుకుంటడని. సదువు గాదు, నా శ్రాద్ధం! పొద్దందాక ఆటలే. కొనకుండ్రి చెల్లె" అంది. ఆ వెంటనే, "అయినా ఆడివిల్ల ఇంటిపట్టున ఉంటదంటే మంచిదేనాయె. కొనుండ్రి" అంది.

"అక్కా, కొనమంటవా, ఒద్దంటవా?" అన్నాడు అమీర్ అలీ జుట్టు పీక్కుంటూ.

"నాకేమెరుక అన్నా! మీ ఇంటి ముచ్చట."

అప్పుడే సుమయ్య టీ కప్పులు తెచ్చింది. మష్వరా జరిగిన ప్రతిసారీ టీ పెట్టేది ఆ పిల్లే. కప్పులు తెచ్చేసరికి మాటలు అయిపోయి ఉంటాయి. ఆమెకీ ఒక సలహా ఉంటుందని ఎవరికీ తోచలేదు, షహజాదికి కూడా. సుమయ్య కప్పులు పెట్టేసి లోపలికి పోయింది.

ఇక లాభంలేదని భార్యను బండెక్కించుకుని మేడ్చల్ పోయాడు అమీర్ అలీ. "నువ్వు గూడ రా బిడ్డా" అంటే సుమయ్య మోకాలు నొప్పి అంది. నిన్న ఆ మోకాలితోనే మేకపిల్ల వెంట దొడ్డంతా ఉరికింది. షహజాది చూసింది, అయినా పైకి అనలేదు.

దుకాణం కుర్రాడు అన్వేష్ మంచివాడు. మూడు ట్యాబులు వరసగా పెట్టాడు. అమీర్ అలీ అద్దాల వంక చూడనేలేదు. ఒక్కోదాన్నీ రెండు చేతుల్తో ఎత్తి, కళ్లు మూసుకుని, మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. తర్వాత వీపు మీద బొటనవేలితో కొసనుంచి కొసదాకా రాశాడు.

"గిది ఇయ్యి. బరువుంది. మిగిలినయి బక్కగున్నయ్."

"కాకా, బరువున్నది పాత మోడలు" అన్నాడు అన్వేష్ నవ్వాపుకుంటూ. "ట్యాబ్ ఎంత అల్కగుంటే అంత మంచిది."

"బక్కది మంచిదా? నీ లెక్కే ఉల్టా ఉన్నదేంది బేటా!"

షహజాదికి నవ్వొచ్చింది. ఎన్ని రోజులకో నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఉండగానే అన్వేష్ అడిగాడు. "చదివేది ఎవరు కాకా? చెల్లెనా? తోల్కరాకపోయిండ్రా? చేతుల పట్టుకొని చూసుకుంటుండె గద. ఆమెకి ఏది గావాలో ఏమో."

"దానికేం తెలుస్తది?" అన్నాడు అమీర్ అలీ.

అనేశాక తనే ఒక క్షణం ఆగాడు. ఇంటర్ పాసైన పిల్లకి ఫోన్ల సంగతి తెలీదని మేకల బేరగాడు అంటే ఎలా ఉంటుంది! అన్వేష్ మర్యాదగా తల దించుకున్నాడు. చివరికి తేలికది ఒకటి పక్కన పెట్టమని, సాయంత్రం వచ్చి పట్టుకుపోతానని చెప్పి బండి తీశాడు. దారంతా, బరువుంటే మంచిది కాకపోవడమేంటని గొణుగుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి సుమయ్య వరండాలో కుట్టుమిషన్ దగ్గర కూర్చుని బాలనర్సమ్మ జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. పిల్ల మొహం చూసి షహజాది ఎలాగైనా నవ్వించాలనుకుంది. మిషన్ ముందు స్టూలు లాక్కుని కూర్చుని, తొక్కుడు పలక మీద కాళ్లు పెట్టి, ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ మళ్లీ ఎత్తుకుంది.

"ఈ మిషన్ ఒచ్చిన దినం యాదికొస్తాంది బిడ్డా. నేనప్పుడు షామీర్‌పేట బడిల ఏడో తరగతి. మా అబ్బా మిషన్‌ను బండి మీద తెచ్చిండు. దానికి పూలదండ గూడ ఏసిండు. గల్లీ గల్లీ మా వాకిట్లకే ఒచ్చింది. మా అమ్మీ అందరికీ చక్కెర పంచింది. అమీనాబీ బిడ్డకు మిషనంట, అమీనాబీ బిడ్డకు మిషనంట అని ఒకటే ముచ్చట. నేను మిషన్ చుట్టూ తిరిగి తిరిగి దుంకిన."

సుమయ్య దారం కొరికి తలెత్తింది.

"మరి తెల్లారి బడికి పోయినవా అమ్మీ?"

షహజాది కాళ్లు పలక మీద ఆగిపోయాయి.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పెళ్లైన కొత్తలో అత్తగారికి చెప్పింది, పిల్లలకి చెప్పింది, జాకెట్లు కుట్టించుకోవడానికొచ్చే ప్రతి ఆడమనిషికీ చెప్పింది. ఎప్పుడూ చక్కెర పంచడం దగ్గరే ఆపేది. అక్కడితో కథ అయిపోయేది. తెల్లవారి ఏం జరిగిందని ఇన్నేళ్లలో అడిగినవాళ్లు లేరు. తనని తానూ అడగలేదు.

తెల్లవారి ఏం జరిగింది? జడ వేసుకుంది, సంచీ భుజానికి తగిలించుకుంది. వాకిట్లో అమ్మీ పిండి జల్లిస్తూ, "ఏడికే? మిషన్ ఒచ్చింది గద, ఇగ బడెందుకు?" అంది. కోప్పడలేదు. ముద్దుగానే అంది. షహజాది సంచీతో అక్కడే నిలబడిపోయింది. ఏడవాలో వద్దో తెలియలేదు. ఇంత మంచి మిషన్ కొనిచ్చినప్పుడు ఏడిస్తే బాగోదు కదా! అందరూ సంబరపడుతుంటే తనకొక్కదానికే గొంతులో ఏదో అడ్డం పడినట్టెందుకుందో ఆ పన్నెండేళ్ల పిల్లకి అంతుబట్టలేదు. సంచీ విప్పి మేకుకి తగిలించింది. అంతే.

"అమ్మీ?"

"ఆఁ... నీ మోకాలికి నూనె రాసినవా?" అంది షహజాది. ఏం మాట్లాడుతోందో తనకే తెలియలేదు. లేచి వంటింట్లోకి పోయి, అన్నం గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది.

పొద్దు వాలుతుండగా అమీర్ అలీ కాళ్లుచేతులు కడుక్కుని, ఉతికిన కుర్తా వేసుకుని, తువ్వాల భుజాన వేసుకున్నాడు. సైఫ్ డ్యూటీ దిగొచ్చి బండి తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు.

"సుమయ్యా, జల్దీ రా బిడ్డా. నీ చేతులతోటే తీసుకుందువు."

సుమయ్య గుమ్మంలోకొచ్చింది. "నాకొద్దు అబ్బా."

"ఏందీ?"

"ట్యాబ్ ఒద్దు నాకు."

అమీర్ అలీ మొహం వాడిపోయింది. "రెండు వారాల సంది పరేషాన్ అయితున్న నీకోసం. ఏం తక్కువ జేసిన? మన గల్లీల ఏ పిల్లకున్నది ట్యాబ్?"

"నువ్వేం తక్కువ జెయ్యలే. నేను కాలేజికి పోత."

"మళ్ల పడనీకా?" ఆయన గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "నీకేం తెలుసే? ఎవడో ఫోన్ జేసి మీ పిల్ల బస్సు మీదికెళ్లి పడ్డదన్నడు. నా చేతులకెళ్లి మేక తాడు జారిపోయింది. మేడ్చల్ దాక బండెట్ల నడిపిన్నో నాకే తెల్వది. నువ్వు ఆడ కూసొని నీళ్లు తాగుతున్నవ్. నీ ఎన్కనే లారీ. ఆ లారీ చక్రం ఇంకా కనవడ్తాంది నాకు, కండ్లు మూస్తే సాలు!"

సుమయ్య కళ్లనిండా నీళ్లు తిరిగాయి. సైఫ్ ఎటు మాట్లాడాలో తెలియక తల్లివంక తిరిగాడు. "అమ్మీ, నువ్వన్న చెప్పు దానికి."

ముగ్గురూ తనవంకే చూస్తున్నారు. భర్త భయం నిజం. పిల్ల కన్నీళ్లూ నిజమే. ఎటు చూసినా తప్పెవరిదో కనబడటంలేదు. మరి తన గొంతులో అడ్డంపడింది ఏంటి? పన్నెండేళ్లప్పటిది, అదే ముద్ద, అక్కడే ఉంది.

షహజాది గబగబా పోయి మొగుడి భుజం మీది తువ్వాల లాగింది. ఆయన కుడిచేతిమీద కప్పి, తన చెయ్యి దానికింద దూర్చింది.

"గిదేంది బేగం? పిల్లల ముందట!"

"బేరం. ఆ ట్యాబ్ ధరెంతనో చెప్పు."

అమీర్ అలీ బిత్తరపోయినా, అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, పట్టాల్సిన వేళ్లు పట్టింది. షహజాది తల అడ్డంగా ఊపింది.

"కాదు. తప్పు చెప్తున్నవ్." ముందు ఆయన చేతి అయిదు వేళ్లూ కలిపి పట్టింది. వదిలి, మళ్లీ రెండు పట్టింది.

"ఏడా? ఏడు వేలకు ఏ ట్యాబొస్తది? అన్వేష్ ఒప్పుకోడు."

"వేలు గాదు. ఏడో తరగతి." "నా మిషన్ ధర అది. మా అబ్బా నాకు మిషన్ కొనిచ్చి నా బడి తీసుకున్నడు. నాకు ఆ దినం సమజ్ గాలే. చక్కెర తినుకుంట దుంకిన. ఇగ బడికి పొయ్యేది లేదని తెల్లారి తెలిసింది. నువ్వు గూడ గదే బేరం జేస్తున్నవ్ సైఫ్ అబ్బా. మా అబ్బా గూడ మంచిగనే జేసిండు. ప్రేమతోనే జేసిండు."

అమీర్ అలీ చెయ్యి తువ్వాల కింద అలాగే ఉండిపోయింది.

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చెప్పలే నువ్వు" అన్నాడు. "మిషన్ ముచ్చట చెప్పినప్పుడల్లా నవ్వుకుంటనే చెప్తివి."

"నాకే ఇయ్యాల తెలిసింది. నీకేం జెప్పాలె?"

కొంగుతో ముక్కు తుడుచుకుని కూతురివంక తిరిగింది. రెండు వారాలుగా, నాలుగు మష్వరాల్లో, ఇంట్లో ఒక్కరికీ తోచని ప్రశ్న అప్పుడడిగింది.

"అసలు ఎట్ల పడ్డవే నువ్వు?"

సుమయ్య లోపలికి పోయి మిషన్ కిందినుంచి కాలేజీ బ్యాగు తెచ్చింది. ఒక పట్టె తెగి వేలాడుతోంది. "మెట్టు మీద ఉన్న. పట్టె తెగింది. బ్యాగు కింద పడ్తదని పట్టుకోనీకి రాడ్డు ఇడిచిపెట్టిన. గంతే అమ్మీ."

షహజాది ఆ పట్టె చేతిలోకి తీసుకుని చూసింది. దారం పుచ్చిపోయింది. ఎంత పని, రెండు కుట్ల పని! ఊరందరి బట్టలూ కుట్టే మనిషి. రోజూ ఆ మిషన్ తొక్కుతూ, కాలికి తగులుతున్న ఆ బ్యాగుని పక్కకి జరుపుకుని కూర్చుంది కానీ వంగి చూడలేదు. "యా అల్లా" అని నెత్తి కొట్టుకుంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

స్టూలు లాగి కూర్చుని సూదిలో దారం ఎక్కించబోతే కళ్లు మసకలు కమ్మి ఎక్కలేదు. సైఫ్ ఎక్కించాడు. అప్పుడు అమీర్ అలీ "ఆగు" అన్నాడు. దొడ్లోకి పోయి, మేకపోతుల మెడకి కట్టడానికి తెచ్చిన కొత్త నైలాన్ పట్టీ చుట్ట పట్టుకొచ్చాడు.

"పాత పట్టెకు కుడితే మళ్ల తెగుతది. గిది ఎయ్యి. ఎసొంటి పోతు గుంజినా తెగదు."

"మేకల పట్టీతోని కాలేజికి పోవాల్నా అబ్బా నేను?" అంది సుమయ్య కన్నీళ్లు కారుతుండగానే.

"పో. నవ్వితే నవ్వనియ్యి. పడవు గద!"

షహజాది రెండు పట్టెలూ మార్చేసింది. మిషన్ ఎప్పటిలాగే గరగరమంది. కుట్టడం అయ్యాక అమీర్ అలీ బ్యాగు లాక్కుని, కాలు అడ్డంపెట్టి, రెండు చేతుల్తో బలంగా గుంజి చూశాడు. ఇటు తిప్పి గుంజాడు, అటు తిప్పి గుంజాడు. తెగలేదు. అయినా ఇంకోసారి గుంజి కూతురికిచ్చాడు.

"ఆ అన్వేష్‌కేం జెప్పాలె?" అన్నాడు సైఫ్.

"వేరేటోళ్లకు అమ్ముకొమ్మని చెప్పు. రేపు నీ చెల్లె నాకు గిది గావాలె అబ్బా అని అడిగితే, అప్పుడు తనే బేరం జేస్తది" అన్నాడు అమీర్ అలీ.

తెల్లవారి సుమయ్య తయారయ్యేసరికి అమీర్ అలీ బండి స్టార్ట్ చేసి ఉన్నాడు. ఆయన భయం ఎక్కడికీ పోలేదు, మొహంలోనే ఉంది. బస్సెక్కేదాకా నిలబడి, కండక్టర్‌కి ఒక మాట చెప్పి వస్తాడట. వద్దని ఎవరూ అనలేదు.

షహజాది వాకిట్లో పిండి జల్లిస్తోంది. సుమయ్య బ్యాగు రెండు భుజాలకీ తగిలించుకుని, ఎర్రటి మేకల పట్టీలు సర్దుకుంటూ వచ్చి తల్లి ముందు నిలబడింది.

"పోయొస్త అమ్మీ."

షహజాది జల్లెడ పక్కన పెట్టి, పిండి చేతులు కొంగుకి తుడుచుకుని, కూతురి పట్టె ఒకటి మెలిపడితే సరిచేసింది.

"పోయిరా బిడ్డా. పొద్దుమూకి ఒచ్చినంక, మీ సారు ఏం చెప్పిండో నాకు గూడ చెప్పు."